నాలుగు జాడల టేపు

పాడుకొనుటకు స్టూడియో అక్కరలేదు. తెల్లవారుజామున వంటయింటిలోనో, సందెవేళ వసారాలోనో పాడుకొను పాటకు తెలుగువారి యిండ్లలో ఎన్నడును కొరత లేదు. ఆ పాటను పదిలపరచి మరల విందమని తలపెట్టినప్పుడే చిక్కు వచ్చి పడును. ఒక్క మైకు ముందు నలుగురు కూర్చుందురు. హార్మోనియము దగ్గరగా ఉన్నచో గొంతు వినరాదు. గొంతు దగ్గరకు జరిగినచో దాని వెనుకనే చిడతలు చెవులు చీల్చును. మృదంగము ఎక్కడనో పక్కయింటిలో మ్రోగుచున్నట్లుండును. టేపు మీద ఒకమారు కలిసిపోయిన ధ్వనులను పిమ్మట వేరుచేయుట పాలలోని నీటిని వేరుచేయుట వంటిది. నేటి కంప్యూటర్లు కొంతవరకు ఆ హంస పని చేయుచున్నవి గాని, వేరుపడిన గొంతులో ఏదో ఒక గీర మిగులుచునే ఉన్నది. కలిపిన పిదప వేరుచేయుట కంటె, మొదటనే వేరువేరుగా పట్టి, తరువాత మన యిష్టము వచ్చిన పాళ్లలో కలుపుకొనుట మేలు గదా!

ఇంటివారికి ఆ సౌకర్యము కలిగించుటకు పుట్టినదే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు. పెద్ద సంస్థలు ఈ యంత్రములను తయారుచేయుట మానివేసి చాల ఏండ్లయినది. అయినను టేపు ధ్వనిలోని మెత్తదనమునకు ముచ్చటపడు యువకులు కొందరు వీటిని మరల వెదకుచున్నారు. హైదరాబాదు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ మొదలుకొని, విజయవాడ రహదారి మీది బాటసింగారము వరకు గల బస్తీలలోను, ఊళ్లలోను భజన మండలులకు, పాడు నేర్పుగల యువతీ యువకులకు కొదువ లేదు. అట్టివారు మొట్టమొదటిసారి ఇట్టి యంత్రమును కొనదలచినచో దేనిని చూచి ఎన్నుకొనవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ముందుగానే ఒక మాట మనవి చేసెదను. యంత్రముల పేర్లు, వాటి మీది మీటల సంఖ్య, ఇవన్నియు తరువాతి సంగతులు. మొదట లెక్కపెట్టవలసినది మీ పాటలోని గొంతులను, వాద్యములను. ఆ లెక్క తెలిసినచో ఏ యంత్రము కావలెనో సగము తేలిపోయినట్లే.

క్యాసెట్ సంగతి అందరికిని తెలిసినదే. ఫిలిప్స్ సంస్థ 1963లో దీనిని లోకమునకు చూపినది. అందులోని టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, అనగా ఒక బియ్యపు గింజ పొడవైన లేదు. స్టీరియో క్యాసెట్‌లో ఈ సన్నని పట్టీ మీద నాలుగు జాడలు పక్కపక్కగా ఉండును. వాటినే ట్రాకులని అందురు. రెండు ట్రాకులు మొదటి వైపునకు, రెండు ట్రాకులు రెండవ వైపునకు. క్యాసెట్‌ను త్రిప్పి పెట్టినప్పుడు టేపు ఎదురు దిక్కున నడచును గనుక, మిగిలిన రెండును అప్పుడు వినబడును. నాలుగు ట్రాకుల రికార్డరు చేయు పని ఒక్కటే: ఆ నాలుగింటిని ఒకే దిక్కున, ఒకేసారి వాడుకొనును. రెండవ వైపు అనునది ఇక లేదు. నాలుగు జాడలును నలుగురు గాయకుల వలె సరిసమానముగా నడచును.

1979లో జపాను దేశపు టీయాక్ సంస్థ ‘పోర్టాస్టూడియో 144’ అను యంత్రమును అమ్మకమునకు పెట్టినది. నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరును, ధ్వనులను పాళ్లు చూచి కలుపు మిక్సరును ఒకే పెట్టెలో అమర్చిన మొదటి యంత్రము అది. మామూలు క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగముతో నడచును. ఈ యంత్రము దానికి రెట్టింపు వేగముతో నడచినది. వేగము హెచ్చిన కొలది ఒక్కొక్క క్షణపు ధ్వనికి టేపు మీద ఎక్కువ చోటు దొరకును, చిడతల, గజ్జెల సన్నని మ్రోతలు స్పష్టముగా పడును, బుస తగ్గును. అయితే దానికి తగిన మూల్యము కూడ చెల్లించవలెను. అరువది నిమిషముల క్యాసెట్‌లో ఒక వైపు ముప్పది నిమిషములే. రెట్టింపు వేగములో అది పదునైదు నిమిషములే యగును. రెండవ వైపు లేదు గనుక ఆ క్యాసెట్ అంతటితో సరి. ఒక కీర్తనకో, నాలుగు జానపద గేయములకో ఇది చాలును. గంటసేపు సాగు హరికథకు చాలదు.

ఇంత చిన్న యంత్రముతో చెప్పుకోదగిన సంగీతము వచ్చునా యని సంశయించువారు కలరు. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో న్యూజెర్సీలోని తన యింటిలో ఈ 144 యంత్రము మీదనే కొన్ని పాటలను నమూనాగా పట్టుకొనెను. పిమ్మట తన వాద్యబృందముతో స్టూడియోలో అవే పాటలను పాడి చూచెను గాని, ఇంటి టేపులోని గుణము అందులో రాలేదు. చివరకు ఆ క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ అను ఆల్బముగా అదే సంవత్సరము వెలువడెను. యంత్రము చిన్నదగుట పాటకు అడ్డము కాదని దీనివలన తెలియును. పాటలో బలము లేనప్పుడు యంత్రము పెద్దదయినను ప్రయోజనము లేదనునది దీనికి రెండవ అర్థము.

ఇక యంత్రములోని కీలకము చెప్పెదను. మామూలు టేపు రికార్డరులో మరల రికార్డు చేసినచో పాతది చెరిగిపోవును. ఇందులో నాలుగు ట్రాకులును దేనికదే. మొదటి ట్రాకు మీద తంబుర శ్రుతిని పట్టుదుము. దానిని హెడ్‌ఫోనులలో వినుచు రెండవ ట్రాకు మీద మృదంగము వాయింతుము. ఆ రెండింటిని వినుచు మూడవ దాని మీద పాడుదుము. పాట నచ్చనిచో ఆ ట్రాకును మాత్రమే చెరిపి మరల పాడవచ్చును, మృదంగము చెక్కుచెదరదు. పాతది వినిపించుటకును, కొత్తది పట్టుటకును ఒకే హెడ్డు పనిచేయుట వలన రెండింటికిని కాలములో తేడా రాదు, తాళము తప్పదు. ఈ విధముగా ఒక్కడే నలుగురగును. హెడ్‌ఫోనులు లేక స్పీకరులో వినుచు పాడినచో మాత్రము, పాత ధ్వని మైకులో దూరి కొత్త ట్రాకు మీద కూడ పడును. అప్పుడు యంత్రము కొన్న ప్రయోజనమే పోవును. కావున యంత్రముతో పాటు చెవులను పూర్తిగా కప్పునట్టి హెడ్‌ఫోనులను కూడ లెక్కలో వేసికొనవలెను.

ఇప్పుడు మన పాటల దగ్గరకు వత్తము. బురక్రథలో ముగ్గురుందురు. నడుమ తంబుర పట్టిన కథకుడు, చెరియొక వైపు గుమ్మెటలతో వంతలు. మూడు గొంతులు, మూడు వాద్యములు. హరికథలో భాగవతారు ఒక్కరే. ఆయన గొంతు, చిడతలు, వెనుక మృదంగము, ఫిడేలు, హార్మోనియము. బతుకమ్మ పాటలో ఒకరు చెప్పగా మిగిలినవారు అందుకొందురు, చప్పట్లే తాళము. కాగితము మీద చూచినచో ఇవన్నియు నాలుగు ట్రాకులకు చక్కగా సరిపోవునట్లే కనబడును. కాని వీటిలో ఒక భేదమున్నది. ఒంటరి గాయకుడు శ్రుతి, తాళము, గాత్రము అని ఒక్కొక్కటిగా పేర్చుకొనవచ్చును. బుర్రకథలో వంత ‘తందాన’ అనుట కథకుని మొగము చూచి అనునది. బతుకమ్మలో పదిమంది అందుకొనుట మొదటి గొంతు విడిచిన ఊపిరిని బట్టి అందుకొనునది. వారిని విడదీసి, ఈ రోజు ఒకరిని, రేపు మరొకరిని పాడించినచో అక్షరములు మిగులును గాని ఆట మిగులదు. అట్టివారిని ఒకేచోట నిలిపి, నాలుగు మైకులు పెట్టి, నాలుగు ట్రాకుల మీద ఏకకాలమున పట్టవలెను.

అందుచేత యంత్రమును చూచినప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఒకేసారి ఎన్ని ట్రాకుల మీద రికార్డు చేయవచ్చును? నాలుగు ట్రాకులన్నంత మాత్రమున నాలుగును ఒకేసారి పట్టునని భ్రమపడరాదు. 1983లో వచ్చిన ఫాస్టెక్స్ ఎక్స్-15 వంటి చిన్న యంత్రములు ఒకేసారి రెండింటిని మాత్రమే పట్టగలవు. అది బ్యాటరీలతో కూడ నడచును, తేలిక, ఒంటరి గాయకునికి దివ్యముగా సరిపోవును. బుర్రకథ దళమునకు సరిపోదు. తరువాతి కాలపు టాస్కామ్ 424 వంటివి నాలుగింటిని ఒకేసారి పట్టగలవు. మీరు ఒక్కరా, పదిమందియా అను ప్రశ్నకు జవాబును బట్టి ఇక్కడనే దారులు చీలును.

రెండవ ప్రశ్న వేగము. ఫాస్టెక్స్ ఎక్స్-15, 1984 నాటి టాస్కామ్ పోర్టా వన్ మామూలు వేగముతోనే నడచును. టాస్కామ్ 424, యమహా ఎం.టి.4ఎక్స్ వంటివి రెట్టింపు వేగమును కూడ ఇచ్చును. గొంతు, తంబుర మాత్రమే అయినచో మామూలు వేగము చాలును. ఫిడేలు, గజ్జెలు, చిడతలు ఉన్నచో రెట్టింపు వేగము కలదానిని వెదకుట మంచిది.

మూడవ ప్రశ్న ట్రాకులను కలుపుటకు సంబంధించినది. నాలుగు చాలనివారికి ఒక ఉపాయము కలదు. మూడు ట్రాకులను నింపి, ఆ మూడింటిని పాళ్లు కుదిర్చి నాలుగవ దాని మీదికి ఎక్కించుదురు. అప్పుడు మొదటి మూడును ఖాళీ యగును. వాటిలో రెండింటిని నింపి మూడవ దాని మీదికి ఎక్కించినచో, మరల రెండు ఖాళీలు మిగులును. మూడు, రెండు, రెండు. మొత్తము ఏడు వాద్యములు. వినుటకు గారడీవలె ఉండును గాని, ఒక్కొక్కసారి ఎక్కించినప్పుడు పాత బుసకు కొత్త బుస తోడగును. మొదటి గొంతులోని మెరుగు మాయును. పైగా ఒకసారి కలిపి, మొదటివాటిని చెరిపిన తరువాత ఆ పాళ్లను ఇక మార్చలేము. కావున ఈ పని చేయక ముందే, ఏ ధ్వని వెనుక ఉండవలెనో, ఏది ముందు ఉండవలెనో మనసులో నిశ్చయించుకొనవలెను. ప్రధాన గాత్రమును ఎన్నడును ఈ విధముగా ఎక్కించరాదు. దానిని చివరి వరకు విడిగానే ఉంచవలెను.

ఈ బుసను అణచుటకు రెండు పద్ధతులు వాడుకలోనికి వచ్చినవి. మొదటిది డాల్బీ. దీనిని కనిపెట్టిన రే డాల్బీ 1963 నుండి 1965 వరకు ఐక్యరాజ్య సమితి పక్షమున సలహాదారుగా మన దేశములోనే పనిచేసెను. 1965లో లండనులో తన సంస్థను స్థాపించెను. ఇండ్లలోని టేపులకు తగిన డాల్బీ-బి పద్ధతి 1968లో వెలువడినది. అది సన్నని ధ్వనులను పట్టునప్పుడు కొంత పెంచి, వినునప్పుడు అంతే తగ్గించును. ఆ తగ్గింపులో బుస కూడ తగ్గును. రెండవది డి.బి.ఎక్స్. ఇది ధ్వని హెచ్చుతగ్గులనన్నిటిని పట్టునప్పుడు సగమునకు కుదించి, వినునప్పుడు మరల రెట్టింపు చేయును. బుస ఇంచుమించుగా మాయమగును. కాని హెడ్డు మురికిగా ఉన్నను, టేపు నాసిరకమైనను మృదంగపు దెబ్బ వెనుక ఎవరో ఊపిరి పీల్చినట్లు ఒక శబ్దము వినబడును. ఏ పద్ధతిలో పట్టినది ఆ పద్ధతిలోనే వినవలెను. డి.బి.ఎక్స్.తో పట్టిన టేపును అది లేని యంత్రములో పెట్టినచో ధ్వని రంపముతో కోసినట్లుండును. రెండు పద్ధతులును లేని యంత్రము చౌకగా దొరికినను, ట్రాకులను పలుమార్లు కలుపదలచినవారు దానిని కొనకుండుటయే మంచిది.

నాలుగవ ప్రశ్నను పాశ్చాత్య పద్ధతివారి కంటె మనమే ఎక్కువ పట్టుదలతో అడుగవలెను. అది పిచ్ కంట్రోలు. అనగా టేపు వేగమును కొంచెము పెంచుటకు, తగ్గించుటకు గల మీట. మన సంగీతమునకు శ్రుతి ప్రాణము. టేపు వేగము ఏ మాత్రము మారినను శ్రుతి మారును. గాయకుడు తంబురను సవరించుకొనగలడు గాని, హార్మోనియము మెట్లు సవరణకు లొంగవు. నిన్న ఒక యంత్రము మీద పట్టిన గాత్రమునకు నేడు మరొక యంత్రము మీద హార్మోనియము చేర్చవలసి వచ్చినచో, ఆ మీట లేనిదే రెండును కలియవు. అది ఉన్నను ప్రతి టేపు మొదట అర నిమిషము పాటు శ్రుతిని మాత్రమే పట్టి ఉంచుట మంచి అలవాటు. ఆ తరువాత ఎప్పుడైనను దానిని గుర్తుగా పెట్టుకొని వేగమును సరిచేసికొనవచ్చును.

ఐదవ ప్రశ్న వెనుకనున్న రంధ్రములను గూర్చినది. నాలుగు ట్రాకులకు నాలుగు విడి అవుట్‌పుట్‌లు ఉన్నవా? ఉన్నచో, నాలుగు ధ్వనులను కలుపకుండ వేరువేరుగా కంప్యూటరులోనికి తీసికొనవచ్చును. లేనిచో రెండేసి చొప్పున తీసికొని, తరువాత అతుకవలసి వచ్చును. టేపు నడక రెండుసార్లును ఒకే తీరున ఉండదు గనుక ఆ అతుకు సరిగా కూర్చుండదు. చిన్న యంత్రములలో ఇది తరచుగా కనబడు లోపము.

ఆరవది కరెంటు. ఈ యంత్రములలో అనేకము విదేశములలోని బంధువుల ద్వారా మన దేశమునకు వచ్చును. మన యింటి కరెంటు 230 వోల్టులు. అమెరికాలో 120, జపానులో 100. అక్కడి యంత్రమును ఇక్కడి ప్లగ్గులో సూటిగా పెట్టినచో ఒక్క క్షణములో పొగ వచ్చును. వోల్టేజీ తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. విడి అడాప్టరుతో నడచు యంత్రమైనచో, దాని మీద వ్రాసియున్న వోల్టులను, ప్లగ్గు మధ్యభాగము ప్లస్సా మైనస్సా అనుదానిని చూచి, దానికి సరిపోవు అడాప్టరును ఇక్కడనే కొనవచ్చును.

ఇప్పుడు ఈ యంత్రములు దొరకుట పాత సరకుగానే. కోఠీలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామానులకు, ఎర్రగడ్డ ఆదివారపు సంత పాత వస్తువులకు పేరు పడినవి. ఎక్కడ కొన్నను, చేతిలో ఒక మంచి క్యాసెట్, హెడ్‌ఫోనులు, వీలైనచో ఒక చిన్న ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె తీసికొని పోవలెను. మూత తెరచి హెడ్డును చూడుడు. మధ్యలో గాడి పడి ఉన్నచో అది అరిగినదని అర్థము. హెడ్డు అరిగినచో కొత్తది దొరకుట దుర్లభము. టేపును లాగు రబ్బరు చక్రమును వ్రేలితో తాకుడు. అది గాజువలె నున్నగా, గట్టిగా ఉన్నచో మార్చవలసినదే. మన వేసవి ఎండలకు రబ్బరు బెల్టులు సాగి, ఒక్కొక్కప్పుడు కరగి జిగురగును. బెల్టు మార్పించుట పెద్ద పని కాదు. కాని దానిని ధరలో తగ్గింపవలెను. తరువాత శ్రుతి పెట్టెను కలిపి, నాలుగు ట్రాకుల మీదను ఒక్కొక్క నిమిషము శ్రుతిని పట్టి వినుడు. నిశ్చలముగా ఉండవలసిన షడ్జము వణకుచున్నచో మోటారులోనో, బెల్టులోనో దోషమున్నది. నాలుగింటిలో ఒకటి మూగదైనచో మీరు కొనుచున్నది మూడు ట్రాకుల యంత్రము. చివరకు పట్టినదానిని చెరిపి, పూర్తిగా చెరిగినదా, వెనుక నీడవలె మిగిలినదా అని కూడ పరీక్షించవలెను. దుకాణదారు ఈ పరీక్షలకు విసుగుకొన్నచో, వేరొక దుకాణమునకు పోవుట ఉత్తమము. చేతిలో ఉన్న డబ్బునంతయు యంత్రమునకే పెట్టక, మరమ్మతుకు కొంత మిగుల్చుకొనవలెను.

క్యాసెట్ ఎన్నికలో రెండు నియమములు చాలును. ఈ యంత్రములలో అధికభాగము ‘టైప్ 2’, అనగా హై బయాస్ అను రకము టేపునకు కుదిర్చినవి. మామూలు రకము వాడినచో ధ్వని సరిగా రాదు. రెండవది నిడివి. అరువది నిమిషముల క్యాసెట్‌లోని టేపు మందము సుమారు 18 మైక్రానులు. తొంబది నిమిషముల దానిలో 12. నూటయిరువదిలో 9 మాత్రమే. పలుమార్లు ముందునకు వెనుకకు త్రిప్పు ఈ పనికి పలుచని టేపు ఆగదు, సాగును, ముడుచుకొనును. అరువదియే శ్రేష్ఠము. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో తరచు తుడువవలెను. వానకాలపు చెమ్మలో పెట్టె అడుగున పడవేసిన క్యాసెట్లకు బూజు పట్టును. బూజు పట్టిన దానిని యంత్రములో పెట్టినచో ఆ బూజు హెడ్డుకును, అచ్చట నుండి మంచి టేపులకును అంటుకొనును.

యంత్రము కుదిరిన పిమ్మట గది. ఇక్కడ బాటసింగారపు సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ఊరి పేరులోనే బాట ఉన్నది. పక్కనే జాతీయ రహదారి. కొత్తపేటలోని గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు 2021, 2022 సంవత్సరములలో ఇచ్చటికి తరలివచ్చినది. మామిడికాయల కాలములో లారీల రాకపోకలు ఎట్లుండునో చెప్పనక్కరలేదు. చెవి అలవాటుపడి ఆ రొదను వినదు. మైకునకు అలవాటు అనునది లేదు, అన్నియు వినును. కావున రహదారికి ఎదురుగా ఉన్న గదిని కాక, ఇంటి లోపలి గదిని ఎన్నుకొనుడు. కిటికీలకు, గోడలకు బొంతలు, దళసరి దుప్పట్లు వ్రేలాడదీయుడు. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరచి, దాని వైపు మొగము పెట్టి పాడినచో గది మ్రోగుడు చాలవరకు తగ్గును. పంకా ఆపుడు. మైకును పెదవులకు జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా ఉంచినచో ‘ప’, ‘భ’ అను అక్షరముల గాలి దెబ్బ తగులదు. ఈ పనులకు ఖర్చు లేదు; ఫలితము మాత్రము ఖరీదైన మైకు కంటె మిన్న.

ఇంతయు విన్న పిదప ఒక ప్రశ్న మిగులును. చేతిలోని సెల్‌ఫోనులోనే నాలుగు కాదు, అంతకు మించిన ట్రాకులు పట్టు సాధనములున్న ఈ రోజులలో ఈ పాత యంత్రముతో పనియేమి? ఈ ప్రశ్న న్యాయమైనదే. చౌక, సౌలభ్యము, మన్నిక, ఈ మూడింటిలోను ఫోనే గెలుచును. క్యాసెట్ యంత్రమునకు మిగిలిన గుణము ఒక్కటే: అది మనచేత నిర్ణయములు చేయించును. నాలుగే చోట్లు ఉన్నవి గనుక ఏది అవసరము, ఏది ఆడంబరము అని ముందుగానే తూచవలసి వచ్చును. తప్పులను మీటతో దిద్దుకొను వీలు లేదు గనుక పాట వచ్చువరకు సాధన చేయవలసి వచ్చును. స్టూడియోలో ఏండ్ల తరబడి పనిచేయుచున్న మా బోంట్లకు తెలిసిన సంగతి ఇది: అవధి ఉన్నచోటనే శ్రద్ధ పెరుగును. ఆ శిక్షణ కావలెనని కోరువారు ఈ యంత్రమును కొనవచ్చును. పాట పట్టుకొనుటయే ముఖ్యమైనవారు ఫోనుతోనే మొదలుపెట్టవచ్చును. అందులో చిన్నతనము లేదు.

కాని ఒక విషయములో ఆలస్యము పనికిరాదు. మీ యింటిలో ఎనుబది ఏండ్ల అమ్మమ్మయో, నాయనమ్మయో ఉండి, ఆమెకు నాట్లపాటలో, దంపుళ్ల పాటలో, పెండ్లిపాటలో వచ్చియున్నచో, మంచి యంత్రము దొరకువరకు ఆగవద్దు. ఉన్న ఫోనుతో నేడే పట్టుడు. ఆమె పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చినదో ఆమె నోటనే చెప్పించి, ఆ ప్రతిని రెండు మూడు చోట్ల దాచుడు. యంత్రములు పాతవైనను వెదకినచో దొరకును. ఆ గొంతు దొరకదు. టేపు కూడ శాశ్వతము కాదు. నాలుగు ట్రాకుల మీద పట్టిన పాటను సైతము ఆ వారములోనే కంప్యూటరునకు ఎక్కించి ఉంచుట అవసరము.

పాత గొంతుల విషయములో ఈ యంత్రము మరొక ఉపకారము కూడ చేయగలదు. గల్ఫు దేశములకు వలసపోయినవారు టేపు రికార్డర్లు తెచ్చిన కాలములో, మన యిండ్లలో ఎన్నియో పాటలు, పలుకరింపులు క్యాసెట్ల మీదికి ఎక్కినవి. ఆ క్యాసెట్లు ఇప్పుడు ట్రంకుపెట్టెల అడుగున ఉన్నవి. మామూలు వేగము గల నాలుగు ట్రాకుల యంత్రములో అట్టి క్యాసెట్‌ను పెట్టినచో, రెండు వైపులును ఒకేసారి నడచును. ఒక వైపు సరిగా, రెండవ వైపు తలక్రిందుగా. విడి అవుట్‌పుట్‌లు ఉన్నచో రెండింటిని ఒక్కసారే కంప్యూటరులోనికి తీసికొని, రెండవదానిని అచ్చట త్రిప్పుకొనవచ్చును. కాని ఆ క్యాసెట్‌ను లోపల పెట్టుటకు ముందు, దాని వెనుక అంచున గల రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరువవలెను. అవి ఉన్నంతవరకు రికార్డు మీట పనిచేయును. మామూలు యంత్రములో పొరపాటున మీట నొక్కినచో ఒక వైపే చెరుగును. ఇందులో రెండు వైపులును ఒకేసారి చెరుగవచ్చును. ఒక తండ్రి గొంతు, ఒక తల్లి పాట అట్లు పోయినచో తిరిగి తెచ్చు విద్య ఏదియు లేదు.

చెప్పినదానిని క్రోడీకరించెదను. ఒంటరిగా పాడుకొనువారు, అభ్యాసమునకై కోరువారు, ఒకేసారి రెండు ట్రాకులు పట్టు చిన్న యంత్రమును, మంచి స్థితిలో నున్నదానిని, తీసికొనవచ్చును. భజన మండలి, బుర్రకథ దళము, బతుకమ్మ పాటలు పాడు స్త్రీలు, వీరికి నాలుగింటిని ఒకేసారి పట్టునది, రెట్టింపు వేగము, పిచ్ కంట్రోలు, విడి అవుట్‌పుట్‌లు కలది కావలెను. అట్టిది దొరకనిచో, నాసిరకపు పాత యంత్రముతో సరిపెట్టుకొనుట కంటె నేటి చిన్న డిజిటల్ రికార్డరు కొనుట వివేకము. ఏది కొన్నను, మొదటి రోజున మీ పాటను పట్టుటకు ముందు, ఇంటిలోని పెద్దవారిని కూర్చుండబెట్టి వారికి వచ్చిన ఒక్క పాట పాడించుడు. యంత్రము ఎట్టిదో ఆ పాటతోనే తేలిపోవును. పాటయు దక్కును.